ఊగని ఎత్తు

పదకొండేళ్ళుగా దాన్ని చూస్తూనే ఉన్నాను,
నా క్రేను కేబిన్ అద్దంలో, కుడి మూల,
వైపరు అందని చోట.
పచ్చటి కొండ నెత్తిన ఒక బోడి బండ.
బొగ్గు ధూళి లేచిన రోజు అదీ ఉండదు.

బుధవారం నాకు వీక్లీ ఆఫ్.
కంబాలకొండ గేటు దగ్గర టిక్కెట్టు తీసుకున్నాను.
"ఒక్కలే వచ్చీసినారేటి?" అంది దాలమ్మ,
ఫారెస్టు వాచరు. నేత చీర మీద ఖాకీ చొక్కా,
నీలం హవాయి చెప్పులు, చేతిలో అంకుడు కర్ర.
నా కొత్త బూట్ల వేపు చూసి ఏమీ అనలేదు.
అనకపోవడంలోనే అంతా అనేసింది.

మొదట జీడితోట వాసన, తరవాత అడవి.
మార్గశిరం మంచు ఇంకా ఆకుల మీంచి దిగలేదు.
ఎర్రమట్టి బాట మీద
అడవిపంది రాత్రంతా దున్నిపోయిన చాళ్ళు,
విత్తనం లేని సేద్యం.
వాగు దాకా వచ్చి మనసు మార్చుకుని
వెనక్కి మళ్ళిన కణుజు గిట్టలు.
దాలమ్మ కర్రతో చూపిస్తే కనిపించేవి.
చూపించకపోతే నాకు అంతా ఆకులే.

వాగు దాటాక ఊపిరి పొట్టిదయింది.
రోజూ క్రేను ఎక్కేవాణ్ణి,
నూట పన్నెండు మెట్లు, కళ్ళు మూసుకుని చెప్పగలను.
ఇక్కడ మెట్టుకీ మెట్టుకీ పోలిక లేదు.
ఒకటి వేరు, ఒకటి రాయి, ఒకటి రాయనుకున్న నీడ.
బూటు మడమ కొరకడం మొదలుపెట్టింది.
విప్పి, లేసులు ముడేసి మెడకి తగిలించుకున్నాను.
అప్పుడు నవ్వింది దాలమ్మ, మొదటిసారి.

చివరి మలుపులో చెట్లు ఆగిపోయాయి,
మేం రాం, మీరే వెళ్ళండన్నట్టు.

బండ.
దగ్గరికొస్తే బోడిది కాదు.
తుప్పు రంగు రాతిలో కెంపు నలుసులు,
పగుల్లో ఒక గడ్డిపోచ, పని మీదున్న చీమలు.
అరికాళ్ళ కింద ఎండ గోరువెచ్చగా.
నిలబడ్డాను, కాళ్ళు ఎడం చేసి, మోకాళ్ళు కొంచెం వంచి,
గాలికి ఊగే కేబిన్‌లో నిలబడే అలవాటు.
గాలొచ్చింది.
బండ ఊగలేదు.
నేనే ఊగాను.
ఎత్తు నాకు కొత్త కాదు,
కదలని ఎత్తు కొత్త.
చాలాసేపటికి గాని మోకాళ్ళు నమ్మలేదు.

కింద ఊరు, ఊరంచున సముద్రం,
లంగరేసి వంతు కోసం కాచుకున్న ఓడలు ఏడు.
డాల్ఫిన్ నోస్ మూతి నీళ్ళలో పెట్టి అలాగే ఉంది.
దానికివతల అగ్గిపుల్లలు గుచ్చినట్టు క్రేన్లు.
ఎడం నుంచి నాలుగోది నాది.
బొటనవేలు అడ్డం పెడితే
నా పదకొండేళ్ళూ గోటి కింద పట్టేశాయి.

దిబ్బరొట్టె విరిచి సగం ఇచ్చాను.
"నీ పనేది బాబూ?" అంది. చూపించాను.
"ఆ కొంగలాటిదా? రేత్రి దాని నెత్తిన
ఎర్ర లైటు ఎలుగుద్ది, అదేనా?"
అదే.
"మా గుంట సిన్నప్పుడు రేత్రుళ్ళు ఏడిస్తే
గట్టు మీద నిలబెట్టి దాన్నే సూపించీదాన్ని.
సుక్క కిందకి దిగి కాపలా కాత్తందే, తొంగో, అనీదాన్ని.
ఇప్పుడు దానికి పదేళ్ళు."
నీళ్ళ సీసా మూత బిగించి, కాసేపాగి,
"నెల్లాళ్ళ బట్టి ఎలగట్లేదేటి బాబూ?"

రొట్టె గొంతులో ఆగింది.
బల్బు పోయిందని రిజిస్టరులో రాసి ఊరుకున్నాను,
ఒకే ఒక్క వాక్యం.
పైనున్నవాడికి
తన నెత్తి మీది దీపం కనపడదు కదా.

దిగేటప్పుడు జెముడుకాకి ఎక్కణ్ణుంచో మందలించింది.
గేటు దగ్గర బూట్లు తొడుక్కోబోతే
అరికాలికంటిన ఎర్రమట్టి దులపబుద్ధి కాలేదు.

రేపు నైటు షిఫ్టు.
ఎలక్ట్రీషియన్ పోలినాయుడు
టీ వేళకి క్యాంటీన్ మెట్ల మీద దొరుకుతాడు.
ఈసారి రాయను.
వెంటపడతాను.